కోటయ్య మావయ్య కల్లం మీద వాన

మా చిన్నప్పుడు... కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండగా మబ్బు పట్టిందంటే ఊళ్ళో ఎవరూ ఇంట్లో కూర్చునేవారు కాదు. దగ్గర్లో ఏ కల్లం ఉంటే అందులోకి దూకి, కాయలు కుప్పకి లాగి పట్టాలు కప్పేసేవాళ్ళు. అవి ఎవరి కాయలని అడిగేవారే లేరు...

ఎనభైల్లో పంచాయతీ ఎలక్షన్లొచ్చి ఊరిని రెండు చేశాయి. మా నాన్న ప్రెసిడెంటు గారి వైపు... అంటే గవర్నమెంటు పార్టీ. సిద్ధాంతాలా, పాడా! పైన ఎవరుంటే నాన్న వాళ్ళ మనిషి. ఏ ఎండకా గొడుగు. మా బోరుకి కరెంటు లైను వచ్చింది కూడా అలాగే.

అమ్మకి తోడబుట్టినవాడు ఒక్కడే, కోటయ్య మావయ్య. అమ్మమ్మా తాతయ్యా అప్పటికే లేరు. ఆ మావయ్య అవతలి పార్టీ! మా కల్లం పక్కనే ఆయన కల్లం. అయినా వాళ్ళ పనిలో చెయ్యి పెట్టకూడదని ప్రెసిడెంటు గారి కట్టడి.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. మావయ్య గోతాల కోసం అద్దంకి వెళ్ళాడు. కల్లంలో అత్త ఒక్కతే... చంకలో పిల్లాడు. పట్టా ఒక కొస పట్టుకుంటే రెండో కొస గాలికి లేచిపోతోంది. మా కాయలు అప్పటికే కప్పేశాం. మా పార్టీ వాళ్ళు పదిమంది చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"వదినా! ఒక్క చెయ్యెయ్యి వదినా!" అని అత్త అరిచింది.

అమ్మ కదిలింది. నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"నా తమ్ముడి కాయలయ్యా..."

"నోర్మూసుకో. ఆళ్ళ కల్లంలో అడుగేశావంటే రేపు మన మోటారుకి కరెంటు ఉండదు."

అమ్మ ఆగిపోయింది. వాన దంచి కొట్టింది. కాయలు తడిసిన ఎర్రటి నీళ్ళు మా కల్లం గట్టు దాకా వచ్చాయి...

కాయలన్నీ బూజు పట్టి తెల్లబడ్డాయి. ఏడాది కష్టం తాలు కింద, రంగు పోయిన కాయల ధరకి పోయింది. మావయ్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. కౌలు పొలం వదిలేసి, పెళ్ళాం పిల్లాడితో గుంటూరు వెళ్ళి మిర్చి యార్డులో బస్తాలు మోసే పనిలో చేరాడు.

మళ్ళీ ఎలక్షన్లు రాకముందే అవతలి నాయకుడు కూడా గవర్నమెంటు పార్టీలోకి వచ్చేశాడు! సెంటర్లో స్టేజీ కట్టి, ఆయనా ప్రెసిడెంటు గారూ కావలించుకున్నారు. నాన్న దండలు మోశాడు. "ఇంక మనమంతా ఒకటేనే" అని సంబరంగా ఇంటికొచ్చాడు.

మర్నాడే అమ్మ నన్ను తీసుకుని గుంటూరు బస్సెక్కింది. మావయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆళ్ళూ ఆళ్ళూ కలిశారు, సరే. నా పెళ్ళాం పిలిచింది ఆళ్ళని కాదుగా అక్కా... నిన్ను."

అత్త ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాం. తర్వాత మావయ్య మా ఇంట ఏ కార్యానికీ రాలేదు... అమ్మ పోయినప్పుడు కూడా.

ఆ నాయకులిద్దరూ తర్వాత వియ్యంకులయ్యారు. ఇప్పుడు ఊళ్ళో పార్టీల గొడవ లేదు. అంతా ఒకే కండువా. మా అమ్మకి మాత్రం పుట్టిల్లు లేకుండానే పోయింది.

పార్టీల వల్ల మీ ఇళ్ళల్లోనూ ఎవరైనా దూరమయ్యారా? ఉంటే ఇక్కడ రాయండి... కానీ ముందు, వాళ్ళు బతికుండగానే ఒకసారి వెళ్ళి రండి.