పదకొండు మబ్బులు, ఒక గేటు

ఆ రోజుల్లో ఒక యుద్ధం జరిగింది. ఒక పక్క మబ్బుల సైన్యం, ఇంకో పక్క అయిదుగురు పాటగత్తెలు, నడుమ మెలికలు తిరిగే వెండి కమ్మీల దారి, ఆ దారి చివర ఆరిపోకుండా కాపాడుకోవాల్సిన ఒకే ఒక దీపం. ఆ యుద్ధాన్ని పుట్టించినోడినీ నేనే, నడిపించినోడినీ నేనే, చివరికి ఇరుక్కుపోయినోడినీ నేనే. ఆ మహాగాథను ఇప్పుడు మీకు వినిపిస్తాను, కాళ్ళు కడుక్కోని వచ్చి కూర్చోండి అని మొదలుపెట్టాలని నాకూ ఆశగానే ఉండాది. కానీ నిజం వేరే. ఆ యుద్ధం జరిగింది ఒక పాత ల్యాప్‌టాప్‌లో. అందులో చచ్చినోళ్ళు లేరు, దెబ్బలు తగిలినోళ్ళు లేరు. పదకొండు మంది ఒక చోట కూర్చున్నారు, అంతే. ఇంక 'ఆ రోజులు' అంటే తాతల కాలం అనుకునేరు, నాలుగేండ్ల కిందటి మాట. అప్పుడు నాకు పందొమ్మిది, ఇప్పుడు ఇరవై మూడు. (ఈ వయసులో 'ఆ రోజుల్లో' అని నోటితో అంటే మా ఆఫీసులో నవ్వుతారు, అందుకే రాస్తా ఉండాను.)

తిరుపతిలో డిగ్రీ చదివే ఆ కాలంలో నాకు అయిదుగురు అక్కలు ఉండేవాళ్ళు. సొంత అక్కలు కాదు, అసలు మనుషులే కాదు. తెర మీద కదిలే బొమ్మలు. ఒక్కో బొమ్మ వెనకాల యాడో ఒక మనిషి కూర్చోని మాట్లాడితే బొమ్మ నోరు కదులుతుంది, ఆ మనిషి తల ఊపితే బొమ్మ తల ఊపుతుంది. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని అడగడం మర్యాద కాదు. అయిదుగురిలో నా మనసంతా మిణుగురక్క మీద. నల్లనీలం జుట్టు, చెవుల వెనకాల రెండు చిన్న దీపాలు. ఆమె నవ్వితే ఆ దీపాలు ఒక్క క్షణం ఎక్కువగా వెలిగేవి. ప్రతి ఆదివారం మధ్యాన్నం నాలుగింటికి లైవులో వచ్చి, వార్తలు చదివే వాళ్ళ మాదిరి చక్కటి తెలుగులో "అందరూ భోజనం చేశారా?" అని అడిగేది. నేను సాంబారన్నం తిని కూడా, ఆమె అడిగినంక మళ్ళీ ఒకసారి తిన్నట్టు ఉండేది. ఆ కామెంట్లలో నా పేరు 'నిద్రపోతు'. ఒకసారి ఆమె నా కామెంటు చదివి "నిద్రపోతు గారూ, బాగున్నారా" అనింది. నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆమె. ఆమె మనిషి కాదని నాకు ఎవరైనా గుర్తు చేస్తే వాళ్ళతో రెండు దినాలు మాట్లాడేవాడిని కాదు.

అట్లాంటి మిణుగురక్క ఒక ఆదివారం ఉన్నట్టుండి, ఇంక నాలుగు వారాలే అని చెప్పేసింది. చివరి ఆదివారం మేము పంపే బొమ్మలు, పాటలు, ఏవైనా సరే, ఒక్కొక్కటే తెరిచి చూస్తుందంట. ఆఖరుది అయిపోయినంక దీపం ఆర్పేస్తుందంట. ఆ వారం నేను కాలేజీకి పోలేదు. (అంతకు ముందు వారాలు కూడా పెద్దగా పోలేదు, కానీ ఈ వారం బాధతో పోలేదు.) ఆమె చేతుల మీదుగా నాది ఒకటి తెరుచుకోవాల, ఆమె దాంట్లో కాసేపు ఉండాల. ఆ కోరిక తప్ప నాకు ఇంకేం వద్దనిపించింది. అందుకే ఆట చేద్దామని పూనుకున్నాను.

నా కష్టసుఖాలు చెప్పుకునేదానికి ఒకే ఒక్క స్నేహితుడు ఉండె. ఐరాల నుంచి దినమూ బస్సులో వచ్చేవాడు కాబట్టి కాలేజీలో అందరికీ వాడు ఐరాలే.

"టవర్ డిఫెన్స్ ఆట చేస్తానప్పా" అన్నాను వాడితో.

"అంటే?"

"శత్రువులు ఒక దారమ్మడి వరసగా వస్తా ఉంటారు. ఆ దారి పక్కన మనం ఆడొకరు ఈడొకరు కాపలా పెట్టల్ల. చివరికి చేరకుండా ఆపల్ల."

ఐరాల కాసేపు యోచన చేసినాడు. "మా చెరుకు తోటకి అడవి పందులు వస్తాయి సూడు, అట్లనా?"

"అట్లనే. పందుల బదులు మబ్బులు, మీ నాయన బదులు అయిదుగురక్కలు. అక్కలు పాట పాడితే, ఆ పాట తగిలిన మబ్బు తుంపరగా రాలిపోతుంది."

"మా నాయన పాడితే పందులు గూడా అంతే" అన్నాడు వాడు.

మబ్బులు గీసినాను. దూదిని కొంచెం బూడిదలో ముంచి తీసినట్టు, చిన్న చిన్న కళ్ళతో, చూస్తే ముద్దొచ్చేట్టు వచ్చినాయి. అక్కల్ని గీసినాను. మిగిలింది దారి. ప్రపంచంలో ఆటలు చేసేవాళ్ళు కోటలు గీస్తారు, అడవులు గీస్తారు. నేను కళ్ళు మూసుకుంటే నాకు కనపడిన దారి ఒక్కటే: క్యూలైను. మా నాయనకు కొండ మీద క్యూలైన్ల దగ్గర డ్యూటీ, కంపార్టుమెంట్ల గేటు కాడ. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనెంబడి పోయి ఆ ఇనుప కమ్మీల పక్కనే నేను ఎక్కాలు చదువుకున్నాను. జనం మెలికలు తిరిగి వచ్చేది, పెద్ద గదిలో కూర్చునేది, పాలు పంచేది, గది నిండినంక గేటు తెరుచుకునేది, ఒక్కసారిగా అందరూ లేచి గోవిందా అని కదిలేది. అదంతా నా చేతి వేళ్ళలోనే ఉన్నట్టుంది, గీసుకుంటా పోయినాను. కమ్మీల మీద మెరుపు పెట్టినాను, గదికి ఫ్యాన్లు పెట్టినాను, కూర్చున్న ప్రతి మబ్బు చేతికీ ఒక పాల గ్లాసు ఇచ్చినాను. పన్నెండు మబ్బులు చేరితే గేటు తెరుచుకోవాలని రాసినాను. అంతటితో ఊరుకోకుండా, గేటు దాటేదాకా ఎవరికీ, ముఖ్యంగా కంపార్టుమెంటులో కూర్చున్నోళ్ళకు, అక్కల పాట తగలకూడదని ఒక నియమం పెట్టినాను. వాళ్ళు శత్రువులే, కాదనను. కానీ అంత దూరం నడిచొచ్చి కూర్చోని పాలు తాగేవాళ్ళను కొట్టేదానికి మా ఇంట్లో పుట్టినోడికి చేతులు రావు.

పరీక్ష చేసేటప్పుడు గది నిండేదాకా కాచుకునే ఓపిక నాకు లేక, ఒక దొంగ ఏర్పాటు చేసుకున్నాను. కీబోర్డులో జి నొక్కితే గేట్లన్నీ తెరుచుకుంటాయి. మూడు వారాలు జి నొక్కి నొక్కి ఆ అక్షరం సగం చెరిగిపోయింది. పంపాల్సిన దినం పొద్దున ఐరాల ఆట చూసి, "అంతా బాగుండాదిగానీ, ఆఖరు దండులో ఒక పెద్ద మబ్బు ఉండల్లప్పా. అన్నీ ఒకటే సైజు ఉంటే ఏం గొప్ప?" అన్నాడు. నిజమే కదా అని రెండు చిన్న మబ్బుల్ని కలిపి ఒక పెద్ద మబ్బు చేసి, ఇంకోసారి చూడకుండా పంపేసినాను. పన్నెండులోంచి రెండు తీసి ఒకటి పెడితే ఎంత అవుతుందో మీరు ఇప్పటికే లెక్కేసుంటారు. నాకు ఆ దినం తట్టలేదు. నేను చదివేది కంప్యూటర్ సైన్సు.

చివరి ఆదివారం వచ్చింది. ఇంట్లో నేను, పొద్దుటి డ్యూటీ దిగొచ్చిన నాయన, ఇద్దరమే. ఆయన గడప కాడ కూర్చోని శెనక్కాయలు వలుస్తా ఉండాడు. లైవులో మిణుగురక్క ఒక్కో బొమ్మ తెరిచింది, ఒక్కో పాట వినింది, అందరికీ థ్యాంక్స్ చెప్పింది. అయిదు కావస్తా ఉండంగా, "ఇంక ఒక్కటే మిగిలింది. నిద్రపోతు గారు చేసిన ఆట. ఇది అయిపోతే నేను కూడా సెలవు తీసుకుంటాను" అనింది. నాదే ఆఖరు! కామెంట్లలో అందరూ ఏడుస్తా ఉంటే నేనొక్కడినే సంతోషంగా ఏడ్చినాను.

ఆట బాగానే సాగింది. దండు తర్వాత దండు వచ్చినాయి, గది నిండింది, గేటు తెరుచుకునింది, పాటలు మెరుపుల్లా ఎగిరినాయి, మబ్బులు తుంపరగా రాలినాయి. "ఎంత ముద్దుగా ఉన్నాయి ఇవి!" అనింది అక్క. ఇంక ఆఖరు దండు. పది చిన్నవి, ఒక పెద్దది, పదకొండు మబ్బులు బుద్ధిగా వచ్చి కంపార్టుమెంటులో కూర్చోని పాల గ్లాసులు పట్టుకున్నాయి. కూర్చునే ఉన్నాయి. అయిదు నిమిషాలైంది. ఫ్యాను తిరుగుతా ఉంది. పది నిమిషాలైంది.

"వీళ్ళు కదలరేం?" అనింది అక్క.

నాకు అప్పుడు అర్థమైంది. వేళ్ళ మీద లెక్కేస్తే పదకొండే. కామెంట్లలో మాత్రం ఎవరో "అక్కా, నిన్ను పోనియ్యడం ఇష్టం లేక కూర్చున్నాయి" అని రాసినారు. అంతే, దాని వెనక వందలుగా వచ్చి పడినాయి. "ఆ మబ్బులు మనమే." "పాలు తాగడం అయిపోతే వెళ్ళాలి కదా, అందుకే తాగడం లేదు." "ఈ నిద్రపోతు ఎవరో మహా కవి." నేను అప్పటిదాకా రాసిన కవిత్వమంతా కలిపితే ఒక బర్త్‌డే కార్డు వస్తుంది.

అక్క మెల్లగా ఒక పాట అందుకునింది, అది అయిపోతే ఇంకొకటి. ఏ పాటా మబ్బులకు తగల్లేదు, నా నియమం అట్లాంటిది. అవి చిన్న కళ్ళతో అట్లే చూస్తా కూర్చున్నాయి. బయట ఎండ పచ్చబడింది. లోపల ల్యాప్‌టాప్ తెర మీద ఆ వెండి కమ్మీలు, ఆ నీలం వెలుతురు, ఎవరికీ యాడికీ తొందర లేని ఆ గది. కాలానికి కూడా ఎవరో ఒక గ్లాసు పాలిచ్చి కూర్చోబెట్టినట్టు ఉండె. ఒక పాట నడుమనే అక్క ఆగిపోయి, గట్టిగా నవ్వింది.

"అయ్యో, ఇది మన క్యూలైను కదప్పా! ఇంతసేపూ యాడో సూసినట్టుండాదే అనుకుంటా ఉండాను" అనింది. వార్తల తెలుగు యాడికి పోయిందో! "చిన్నప్పుడు మా అవ్వతో పోయినప్పుడు ఈ కమ్మీల సందులో తల పెట్టి ఇరుక్కునేసినాను. ఎంత లాగినా రాలేదు. మా అవ్వ ఒకటే ఏడుపు. గేటు కాడ ఒకాయన వచ్చి, ఏడవద్దమ్మా అని నూనె పూసి తీసినాడు. పాలు గూడా రెండు గ్లాసులిచ్చినాడు."

గడప వైపు తిరిగి, "నాయనా! నువ్వేనా అది?" అన్నాను.

ఆయన శెనక్కాయ నోట్లో వేసుకున్నాడు. "ఎవురికి గుర్తుంటాదిరా. దినానికి ఒక తలకాయన్నా ఇరుక్కుంటాది. పెద్దోళ్ళవి గూడా."

ఆ మహత్తర ఘట్టం అంతటితో అయిపోయింది. నాయన లేచి వచ్చి నా భుజం మీదుగా తెర చూసినాడు. కమ్మీలు చూసినాడు, ఫ్యాన్లు చూసినాడు, పాల గ్లాసులు చూసి మెచ్చుకోలుగా తల ఊపినాడు.

"ఎంతసేపైంది వీళ్ళని కూర్చోబెట్టి?"

"గంట దాటింది."

"గేటెందుకు తీయలేదు?"

"పన్నెండు మంది రావల్ల నాయనా. పదకొండే ఉండారు."

"నిండకపోతే తీయరా? మేము నిండేదాకా సూస్తామనుకున్నావా? ముసిలోళ్ళుంటారు, బిడ్డతల్లులుంటారు. కొంచేపు సూసి తీసేస్తాం. దానికే కదా గేటు కాడ మనిషిని పెట్టేది." తెర దగ్గరికి ఇంకొంచెం వంగినాడు. "ఆ మనిషి యాడ?"

నేను గేటును చూసినాను. తాళం గీసినాను, గొళ్ళెం గీసినాను, గొళ్ళేనికి తుప్పు కూడా గీసినాను. గేటు పక్కన మాత్రం ఎవరూ లేరు. పందొమ్మిదేండ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆయన పని చేసే చోటంతా గీసి, ఆయన్ని గీయడం మర్చిపోయినాను.

"మర్చిపోయినా నాయనా" అన్నాను.

"సరేలే" అన్నాడు ఆయన. "ఇప్పుడు తీసేదానికి దావ ఉండాదా, లేదా?"

ఉండాది. జి నొక్కమని ఒక్క ముక్క రాస్తే చాలు. కానీ అది రాస్తే ఆమె వెళ్ళిపోతుంది. రాయకపోతే ఆ మబ్బులు, ఆమె, మేమందరం ఆ నీలం వెలుతురులో ఎంతసేపైనా ఉండొచ్చు. లోకంలో నాకొక్కడికే తెలిసిన రహస్యం అది. నా వేలు కీబోర్డు మీద అట్లే నిలిచిపోయింది. అక్క గొంతు బొంగురు పోతా ఉండాది, నడుమ నడుమ దగ్గుతా ఉండాది, అయినా మాట ఇచ్చింది కాబట్టి ఆట అయ్యేదాకా పోదు.

నాయన నా అవస్థ చూసి ఏమనుకున్నాడో, "కూర్చున్నోళ్ళకి హాయిగానే ఉంటాదిరా. గేటు కాడ నిలబడుకోనుండేవాళ్ళకే కాళ్ళు పీకేది. పంపించు ఆ పాపని" అన్నాడు.

రాసినాను. 'అక్కా, జి నొక్కండి.' వందల కామెంట్లలో అది కొట్టుకుపోయింది. మళ్ళీ రాసినాను. మూడోసారికి ఆమె కంట పడింది. "నిద్రపోతు గారూ, ఉండారా ఈడనే?" అని, జి నొక్కింది.

గేటు తెరుచుకునింది. పదకొండు మబ్బులూ లేచినాయి. అయిదుగురక్కలూ పాడినారు. ఒక్కొక్కటే మెరిసి, తుంపరై, కమ్మీల మీద రాలిపోయినాయి. పెద్దది అందరికంటే వెనక నిదానంగా నడిచి, దీపానికి రెండడుగుల దూరంలో కురిసింది. అక్క "సరేనప్పా, పోయొస్తా" అనింది. చెవుల వెనక దీపాలు ఒకసారి ఎక్కువగా వెలిగి ఆరిపోయినాయి.

ఐరాల ఫోను చేసినాడు. "ఏం పెట్టినావప్పా! నేను మా పశువుల కొట్టంలో కూర్చోని ఏడ్చినా."

"అది తప్పు పడిందిరా అబ్బా. నీ పెద్ద మబ్బు వల్లనే."

"ఎవురికీ చెప్పబాక" అన్నాడు వాడు వెంటనే. ఇదిగో, ఇన్నాళ్ళకు మీకే చెప్పడం. మరుసటి దినం గేటు పక్కన ఒక మనిషిని గీసినాను, ఖాకీ చొక్కాతో, తాళాల గుత్తితో. నాయన చూసి "పొట్ట ఎక్కువ పెట్టినావు" అన్నాడు. మిణుగురక్క ఎవరో, ఇప్పుడు ఏ ఊర్లో ఏం చేస్తా ఉండాదో నాకు తెలియదు, వెతకలేదు కూడా. ఒక్క అక్షరం మీద వేలు పెట్టుకోని లోకాన్నంతా ఆపేసినానని నమ్మిన ఆ పందొమ్మిదేండ్లోడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి తల నిమిరి, పోనీలేరా అని నవ్వాలనిపిస్తుంది.

ఆ దినం అయిదున్నరకు మా వీధి కుళాయికి నీళ్ళు వచ్చి, ఆరున్నరకు నిలిచిపోయినాయి. రెండు దినాలకొకసారి వదిలే నీళ్ళు. నాయనా నేనూ, ఇద్దరిలో ఒక్కరమూ బిందె పెట్టలేదు.