ఎర్రగీత మాస్టారు

వీధిలో అందరూ ఆయన్ని ఎర్రగీత మాస్టారనే అంటారు. ముందుగదిలో ఇంగ్లీషు వ్యాకరణం ట్యూషను చెబుతారు. విశేషణానికి ఎర్రగీత, నామవాచకానికి నీలం, క్రియకు ఆకుపచ్చ. వాక్యం దేని గురించి అని అడగడం ఆ గదిలో తప్పు. "పదం ఎక్కడ కూర్చుందో చూడండి. అదేం చెబుతోందో మనకనవసరం," అంటారాయన. పిల్లలకు మార్కులు దండిగానే వస్తాయి. ఇంగ్లీషులో మంచినీళ్లు అడగమంటే మాత్రం గోడవంక చూస్తారు. గురువుకు తగ్గ శిష్యులు. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే మాస్టారికి ఉన్నట్టుండి దగ్గొస్తుంది.

భార్యకు ఇదంతా తెలియదా అంటే తెలుసు. అయినా మొగుడి చదువంటే లోలోపల గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

మోకాళ్ల నొప్పులకు డాక్టరు రాసిన బిళ్లలు కొనుక్కుంటుంటే, మందుల షాపతను "ఎలా వేసుకోవాలో చెప్పమంటారా పిన్నిగారూ?" అన్నాడు.

"అక్కర్లేదు బాబూ, పెట్టెలో కాగితం ఉందిగా. మా ఆయన ఇంగ్లీషు మాస్టారు," అని ఆమె తలెత్తుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్నులు ముందేసుకుని కూర్చున్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో ఆమె ఆరోజు కళ్లారా చూసింది. 'డు నాట్ టేక్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్' అన్న వాక్యం దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. 'ఎంప్టీ' కింద ఎర్రగీత, 'స్టమక్' కింద నీలంగీత గీసి కాగితం తిరిగిచ్చారు.

"ఏమని రాశారండీ?"

"ఒక్క తప్పు లేదు. చక్కటి వాక్యం."

"అంటే వేసుకోవచ్చా?"

"నిక్షేపంగా."

ఆమె రోజూ పొద్దున లేవగానే, కాఫీ చుక్కైనా తాగకుండా బిళ్ల వేసుకుంది. మోకాళ్లు కాస్త కుదుటపడ్డాయనుకునేలోపే కడుపులో మంట మొదలైంది. ఒక ఉదయం వంటగదిలో రక్తం కక్కుకుని కూలబడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ కాగితం తిప్పి చూసి, గీతలున్న వాక్యం పైకి చదివి, ఆమెకు అర్థం చెప్పి, "ఇంత శుభ్రంగా గీతలు గీసినవాళ్లు చదవలేదా?" అంది. పక్కనున్న మాస్టారికి దగ్గొచ్చింది.

చచ్చి బతికి ఇంటికొచ్చింది. లోపలిగదిలో మంచం మీద జావ తాగుతుంటే ముందుగదిలో ఆయన గొంతు వినబడింది. బోర్డు మీద వాక్యం రాసి, చదివి వినిపిస్తున్నారు. అదే వాక్యం. మంచి ఉదాహరణ దొరికితే ఆయన వదులుతారా? ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"దీనర్థం ఏంటి మాస్టారూ?" అని ఓ పిల్ల అడిగింది.

"అర్థం పరీక్షలో రాదమ్మా. గీత గీయి."

ఆమె గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "ఖాళీ కడుపుతో వేసుకోకూడదని. వేసుకుంటే నాలా అవుతారు."

ఆ పిల్ల ఆమెను ఎగాదిగా చూసి, ఆ ముక్క తెలుగులో పుస్తకంలో రాసుకుంది. మాస్టారు వంగి చూశారు. భార్య వైపు మాత్రం చూడలేదు.

"అది కొట్టెయ్. మార్కులు పోతాయి," అన్నారు.

మర్నాటి నుంచి ఆ పిల్ల ట్యూషను మానేసింది. భార్యకు ఆ వీలు కూడా లేదు.