దుబాయ్ ప్యాకెట్లకు నా కొసరు

నా చెయ్యి చేసిన ఘనకార్యానికి, అతికించిన ఐదు వందల ప్యాకెట్లు నిన్న మళ్ల కోసినం. నవ్వండి, నవ్వండి. ఛాయ్ చల్లారకముందే మొత్తం చెప్త.

మీకు తెల్సిందే కదా, నలుగు పిండి గంపల పెట్టుకొని లాల్‌దర్వాజా గల్లీలల్ల ఎన్నేండ్లు తిరిగిననో. పెండ్లిండ్లప్పుడు చేతినిండ పని, తర్వాత ఖాళీగ కూసునుడు. నాతోని ప్యాకింగ్ చేసే నలుగురు ఆడోళ్లదీ అదే గతి. గిట్లుండంగ సలీం భాయ్ వచ్చిండు. అత్తర్లు, సబ్బులు దుబాయ్‌కి పంపే మనిషి. మన పిండి చేతికి రాసుకున్నడు, వాసన చూసిండు.

"అమ్మా, అక్కడ మన దేశం సరుకంటే మస్తు గిరాకీ. ముందు ఐదు వందల ప్యాకెట్లియ్యి. పాసైతే ఏడాది పొడుగూ ఆర్డరే!"

ఏడాది పొడుగూ! ఆ నలుగుర్ల మా లక్ష్మి అయితే అక్కడ్నే ఏడ్చింది. పెండ్లిండ్ల సీజన్ అయిపోతే ఆమె నాలుగిండ్లల్ల అంట్లు తోమి బిడ్డను చదివిస్తున్నది.

నా బిడ్డ సునీత డిగ్రీ చదివింది, ఇగ పెత్తనమంత దానిదే. కరెంటు కాంటా తెచ్చింది. గోడ మీద ఇంతింత అక్షరాలతోని రాసింది: 'వంద గ్రాములు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు.' లక్ష్మీవాళ్లు తూకమేసి నింపాలె. నేను మెషిన్ మీద ప్యాకెట్ మూతి అతికించాలె. గంతే నా పని. గంత సులువు పని చెడగొట్టిన!

ఇరవై ప్యాకెట్లు బుద్ధిగ అతికించిన. ఇరవై ఒకటోది చేతిల పట్టుకుంటే మనసొప్పలే. ఇన్నేండ్లల్ల కొసరు వెయ్యకుంట ఎవ్వరికీ పొట్లం కట్టియ్యలే నేను. పెద్ద దుకాణాలోళ్లు నన్ను మెట్లెక్కనియ్యని రోజుల్ల, ఆ చిటికెడు కొసరుతోనే కదా నాకు గిరాకీలు నిలిచింది! సముద్రం దాటి పోతున్నది, ఏ పెండ్లిపిల్ల రాసుకుంటదో, ఉత్త వంద ఎట్ల పంపుత? తూకమేసేటోళ్లు నాకు వీపు పెట్టి కూసున్నరు, పక్కన గిన్నెలకెల్లి వేళ్లకందినంత తీసి వేసిన. మొదటి ఇరవైకి అన్యాయమైందని వాటిని గూడ కోసి, వేసి, మళ్ల అతికించిన! ఇగ తర్వాత సోయే లేదు. నోరు ముచ్చట పెడుతుంటే చెయ్యి కొసరు వేస్తనే ఉంది.

నిన్న పొద్దున సలీం భాయ్ ఎంబడి చెకింగ్‌కు మెహర్ అని ఒక పిల్ల వచ్చింది. కిషన్‌బాగ్ పిల్లనే, గని మొఖం మీద నవ్వు లేదు. సరుకు తీస్కపోయే బండి సాయంత్రం ఐదింటికి. ఒక్కో ప్యాకెట్ తీసి కాంటా మీద పెడుతున్నది.

"నూట ఎనిమిది."

దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"నూట పదమూడు. నూట ఆరు. ఫెయిల్."

నాకు మండింది. "ఏంది ఫెయిలు? తక్కువేస్తే దొంగంటరు, సరే. ఎక్కువేసినా దొంగేనా?"

"దొంగ అనలే అమ్మా. కాగితాల మీద ఒక బరువు రాసుండి, కాంటా మీద ఇంకోటొస్తే పోర్టుల ఆపేస్తరు. సరుకంత వాపస్."

సునీత పోయి లక్ష్మి మీద పడ్డది. "గోడ మీద రాసింది కనబడలేదా అక్కా? తూకం నీదే కదా?"

"నేను కరెక్టే పోసిన సునీతా. నా బిడ్డ మీద ఒట్టు" అన్నది లక్ష్మి. 

మున్సిపాలిటోళ్లతోని, మార్కెట్ల దాదాలతోని లొల్లి పెట్టుకున్న నోరు ఇది. తప్పొప్పుకునుడు దానికి అలవాటు లేదు. గని ఆ ఒట్టు విన్నంక ఆగలేకపోయిన.

"దాన్నేమనకు. నేనేసిన."

"ఏమేసినవమ్మా?"

"కొసరు."

సలీం భాయ్ రెండు చేతులతోని తల పట్టుకున్నడు. "యా అల్లా! ఎక్స్‌పోర్ట్ మే కొసరు?"

మెహర్ తలదించుకొని కాగితం దిక్కు చూసింది. తిడుతుందో నవ్వుతుందో తెల్వలే. "ఐదింటి దాంక టైముంది. అన్నీ మళ్ల తూకమేయండి" అన్నది.

ఇగ చూడండి! కోసుడు, తూసుడు, అతికించుడు. సలీం భాయ్ గూడ అంగీ చేతులు మడిచి కత్తెర పట్టిండు. నన్ను మాత్రం మూలకు మంచం మీద కూసోబెట్టిన్రు.

"కనీసం మూతులన్న అతికిస్త బిడ్డా."

"మెషిన్ ముట్టకు! చేతులు కొంగుల పెట్టుకో" అన్నది సునీత. నా ఇంట్ల నేనే ముద్దాయిని!

ఐదుకు పది నిమిషాలుందనంగ మెహర్ ప్రతి పెట్టెలకెల్లి కొన్ని తీసి కాంటా మీద పెట్టి చూసింది. వంద. వంద. వంద. "పాస్" అన్నది. లక్ష్మి నన్ను పట్టుకొని మళ్ల ఏడ్చింది. పాసైనా ఏడుపేనా అని తిట్టిన, కండ్లు తుడుచుకుంట.

బండి పోయినంక మెహర్ బ్యాగు సర్దుకుంట, "అమ్మా, నాకూ ఒక ప్యాకెట్ కావాలె. మా అక్క పెండ్లుంది" అన్నది.

నేను బుద్ధి తెచ్చుకున్న మనిషిని కదా! ప్యాకెట్లలకెల్లి తీసిన కొసరంత టబ్బు నిండ ఉంది. అందులకెల్లే తీసి కాంటా మీద పోసిన. నూట రెండు చూపెట్టింది. చెంచతోని ఆ రెండు గ్రాములు వెనక్కి తీసిన. మూతి అతికించి, ఠీవిగ చేతిల పెట్టిన.

పిల్ల కదల్లే.

"ఏంది బిడ్డా, తక్కువుందా?"

"తూకం కరెక్టే అమ్మా." పొద్దట్నుంచి మొదటిసారి నవ్వింది. "మరి నా కొసరు?"

ఇల్లంత గొల్లుమన్నది. చూసిన్రా! ఇన్నేండ్లు గంప మోసినా రాని పిసినారితనం, ఎక్స్‌పోర్ట్ చేసిన పది నిమిషాలకే వచ్చింది నాకు!