‘చెప్పలేదు’ అని రాయమన్న అక్క

నా చిన్నప్పుడు ఇంగ్లీషు పరీక్ష అంటే నాకు భయం ఉండేది కాదు, పొగరు ఉండేది. పేరా సరిగ్గా చదవకుండానే కింది వాక్యాలకు ఒప్పో తప్పో టక్కున పెట్టేసేదాన్ని. మాది బందరుకు దగ్గర్లో, సముద్రంలో వేటకెళ్లి బతికేవాళ్ల ఊరు. అక్కడి నుంచి బందరు కాలేజీకి వెళ్లే ఆడపిల్ల మా పక్కింటి అక్క ఒక్కతే. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి చదివించేది.

ఒకరోజు అక్క తనే ఇంగ్లీషులో ఒక చిన్న పేరా రాసిచ్చింది. ఒక జాలరి పొద్దున్నే లేచాడు, తూర్పున నల్లటి మబ్బు చూశాడు, వల చేతిలోకి తీసుకున్నాడు. అంతే. కింద ‘అతను ఆ రోజు వేటకు వెళ్లలేదు’ అని ఉంది. నేను ఒప్పు పెట్టాను. అలాంటి మబ్బు పట్టాక పడవ దించే మొనగాడు ఎవడూ ఉండడని మా ఇంట్లో మేకకి కూడా తెలుసు.

అక్క నవ్వింది. “నీకు తెలిసింది రాయమన్నానా? ఇందులో ఉందా లేదా చెప్పు” అంది. వెళ్లాడనీ లేదు, వెళ్లలేదనీ లేదు. అలాంటప్పుడు ఒప్పూ కాదు, తప్పూ కాదు, ‘చెప్పలేదు’ అని రాయాలట. మా పరీక్షలో అలాంటి జవాబే లేదని చాలాసేపు పోట్లాడాను.

కొన్నాళ్లకే అక్క వాళ్ల నాన్న వెళ్లిన పడవ తిరిగి రాలేదు. పొద్దున తేటగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి గాలివానగా మారింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. నాగాయలంక దాకా వెళ్లి వెతికారు. మనిషీ దొరకలేదు, చెక్కముక్కా దొరకలేదు.

నెలలు గడిచాయి. అక్క వాళ్లమ్మను పేరంటానికి పిలవాలో వద్దో తెలియక ఊళ్లో ఆడవాళ్లు తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవారు. చివరికి కులపెద్దలు వచ్చి కర్మ చేసేయమన్నారు. శవం దొరకకపోతే దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేయడం మా ఆచారం.

“నాన్న పోవడం మీరు చూశారా మావయ్యా? చూడనప్పుడు తెలియదు అనండి, పోయాడని ఎందుకంటారు?” అని అక్క అడ్డం పడింది. ఆ గాలికి ఎవడు బతుకుతాడు, సముద్రం సంగతి మాకు తెలీదా అన్నారు వాళ్లు. అచ్చం మబ్బు గురించి నేను వాదించినట్టే. అక్క గెలవాలని నేను మనసులో ఎంత మొక్కుకున్నానో. కానీ వాళ్లమ్మే “ఇంక నావల్ల కాదు తల్లీ, ఏదో ఒకటి కానీ” అంది. ఆ సాయంత్రమే ఆవిడ బొట్టు తీసేశారు.

బొమ్మ కాలిపోయాక అక్క పక్కన చేరి, ఇప్పుడది ఒప్పు అయిపోయినట్టేనా అని అడిగాను. నా పిల్లతనానికి అక్క తిట్టలేదు.

“కాదే. అమ్మ తట్టుకోలేక జవాబు రాసేసింది” అంది. ఆ తర్వాత అక్క నన్ను చదివించలేదు, తనూ కాలేజీకి వెళ్లలేదు.

ఇప్పుడు గుడివాడలో మా మనవరాలు విదేశంలో నర్సు ఉద్యోగానికని ఏదో ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. అందులో ఆ మూడో జవాబు నిజంగానే ఉంది. పేరా ఆ మాటే చెబితే ఒప్పు, దానికి ఎదురు చెబితే తప్పు, రెండూ లేకపోతే చెప్పలేదు, నీ తెలివి కలపకు అని దాన్ని పోరుతుంటాను. ఆ మూడోదే కష్టం అమ్మమ్మా, మనసు ఊరుకోదు అంటుంది.

ఊరుకోదు. అంతా అయిపోయాక కూడా అక్క వాళ్లమ్మ, బోసి నుదుటితోనే, పడవలు వచ్చే వేళకు ఒడ్డుకు వెళ్లి నిలబడేది. తను పోయేదాకా అలాగే వెళ్లింది. అందుకే ఎవరింట్లోనైనా మనిషి కనపడకుండా పోతే, వస్తాడనీ అనను, పోయాడనీ అనను. వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను. అంతకు మించి ఏం చేయాలో నాకు ఈ వయసులోనూ తెలియదు.