చప్పుడు లేని బండి

మా చిన్నమ్మకు చిన్నప్పుడే అమ్మోరు పోసి రెండు కండ్లూ పోయినాయి. అయినా ఆమె ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. రోజూ పొద్దున్నే ఒక్కతే చర్చికి పోయేది. మధ్యలో బజారు రోడ్డు దాటాల. రోడ్డంచున నిలబడి చెవి పెట్టేది. పత్తికొండ మార్కెట్టుకు పోయే టమాటా ఆటో ఎంత దూరంలో ఉండాదో, బస్సు మలుపు తిరిగిందో లేదో ఆమెకు తెలిసిపోయేది. ముప్పై ఏండ్లలో ఒక్క దెబ్బ తగల్లేదు.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. బట్టల అంగడాయన కరెంటు స్కూటరు కొన్నాడు. మా ఊళ్లో అదే మొదటిది. ఒకరోజు చిన్నమ్మ ఎప్పటిలాగే విని, ఏమీ వినపడక, అడుగు ముందుకేసింది. ఆ స్కూటరు వచ్చి గుద్దింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

ఆయన చెడ్డవాడు కాదు. తానే ఆసుపత్రికి తీసుకుపోయి, కట్టు వేసేదాకా ఉన్నాడు. నేను బడి నుంచి పరిగెత్తుకుంటూ పోతే, "కండ్లు లేని మనిషిని ఒంటరిగా పంపిస్తే ఎట్లమ్మా?" అన్నాడు.

"నీ బండి వస్తాండాదని ఆమెకెట్ల తెలియాలన్నా?"

"చప్పుడు లేదనే కదమ్మా దీన్ని కొనింది."

సర్కిల్లో నిలబడే కానిస్టేబులుకు చెప్పుకున్నాను. "దానికి నంబరు లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఏ బండి అని రాసుకోవాలమ్మా?" అన్నాడు. ఇరుగుపొరుగు, చర్చిలో పెద్దలు, అందరిదీ ఒకటే మాట: ఇంక ఎవరన్నా తోడు పోండి. బండి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. తప్పంతా ఆమె కండ్లదే అయినట్టు.

చివరికి చిన్నమ్మే నన్ను తోడు తీసుకుని అంగడికి పోయింది. "నువ్వు మెల్లగానే పోతావు నాయనా. వస్తాండావని తెలిస్తే చాలు నాకు. బండికి రెండు గజ్జెలు కట్టుకోరాదా?" అని అడిగింది. ఆయనకు సిగ్గేసినట్టుంది. మరుసటి రోజే ఎద్దుల మెడలో కట్టే గజ్జెలు తెచ్చి హ్యాండిలుకు కట్టుకున్నాడు. నాకు శానా సంతోషమయింది.

పది రోజులకే తీసేసినాడు. అడిగితే, "ఎద్దులబండి వస్తాండాదని అందరూ నవ్వుతాండారమ్మా" అన్నాడు. ఆ ఏడు తిరిగేలోపు ఊళ్లో అట్లాంటివి ఇంకో నాలుగు వచ్చినాయి. ఎంతమందినని బతిమాలేది?

కట్టు విప్పినాక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. రోడ్డంచుకు రాగానే ఆమె గోర్లు నా చేతిలో దిగేవి. అటూ ఇటూ చూసి "ఏం లేదు, రా" అన్నా అడుగు పడేది కాదు. ఒక్కోరోజు బడికి తొందరగా పోవాల్సొచ్చి నాకు కుదిరేది కాదు. ఆ రోజు ఆమె చర్చి మానుకునేది.

"రేపు పోదాంలే," అనేది, ఏమీ కానట్టు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.