మునవ్వర్ ఉస్తాద్ బిగించిన మూడు బటన్లు

బెంగళూరు జె.సి. రోడ్డులో కారు స్టీరియోలు బిగించే మునవ్వర్‌కు నోరెక్కువ. పనితనం అంతకంటే ఎక్కువలెండి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎన్ని డాష్‌బోర్డులు విప్పాడో లెక్కేలేదు. "ఉస్తాద్ కారు దగ్గరికి పోడు, కారే ఉస్తాద్ దగ్గరికి వస్తుంది" అని వీధిలో గొప్పగా చెప్పుకునేవాళ్లు. అందులోని అసలు సంగతి అతనికొక్కడికే తెలుసు. మునవ్వర్‌కు కారు నడపడం రాదు. నేర్పమని అడగాల్సిన వయసులోనే ఉస్తాద్ అనిపించుకున్నాడు, ఆ తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు. ఎప్పుడైనా బండి పక్కకు తీయాల్సి వస్తే మోకాలినొప్పి సాకు ఉండనే ఉంది.

ఆ గురువారం మంగళగౌరి తన స్కూలు వ్యాను తెచ్చి దుకాణం ముందు ఆపింది. నెల కిందట పాత సెట్టు తీయించి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించుకున్నది ఇతని దగ్గరే.

"భాయ్, దీనికి తిప్పేదో నొక్కేదో ఏదో ఒకటి పెట్టు. సౌండ్ తగ్గించాలంటే రోడ్డు వదిలేసి దీని మొహం చూడాల్సొస్తోంది. నిన్న బసవనగుడి మలుపులో చక్రం ఫుట్‌పాత్ ఎక్కేసింది. లోపల పద్నాలుగు మంది పిల్లలు! ఎవరికీ ఏం కాలేదు గానీ, ఇంకొక్కసారి ఇలా అయితే వ్యాను మానిపించేస్తామన్నారు స్కూలువాళ్లు."

వినొచ్చుగా? ఊహూఁ. చుట్టూ నలుగురుంటే అతని నోరు ఊరుకోదు.

"అక్కా, స్క్రీన్‌కు బటన్ పెడతా సరే, నీ డ్రైవింగ్‌కు ఏం పెట్టమంటావు? ముందు బండి నడపడం నేర్చుకో!"

ఒక కాఫీని ఇద్దరేసి బై టూ పంచుకుని తాగుతున్నవాళ్లంతా గొల్లుమన్నారు. దుకాణం యజమాని రిఖబ్‌చంద్ సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. మంగళగౌరి మొహం కందిపోయింది.

"అయితే నువ్వే నడుపు భాయ్. నడుపుతూ సౌండ్ తగ్గించి చూపించు. పక్కన కూర్చుని నేర్చుకుంటా."

"మోకాలు..."

"ఒక్క చుట్టేగా ఉస్తాద్, చూపించవయ్యా!" సేటు ఎగదోశాడు.

మునవ్వర్ రోడ్డు వంక చూశాడు. "ఇక్కడ రద్దీ. వెనక సందులోకి నువ్వే తీయి, అక్కడ చూపిస్తా" అంటూ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

సందులో ఆమె బండి ఆపి, చుట్టూ తిరిగి వచ్చి, అతని వైపు తలుపు తీసింది. అతను దిగలేదు.

"నాకు రాదక్కా" అన్నాడు కాళ్ల వంక చూస్తూ. "ఎన్నడూ నేర్చుకోలేదు."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వినా బాగుండేది. "సరే, కూర్చుని చూడు" అని మళ్లీ స్టీరింగ్ దగ్గరికి వెళ్లింది.

నెమ్మదిగానే నడుపుతూ సౌండ్ తగ్గించబోయింది. వేలు ఒకసారి జారింది, రెండోసారి పక్క బొమ్మ మీద పడింది. ఆ కాస్తలోనే ముందు ఆగి ఉన్న ఆటో వ్యాను అద్దం నిండా వచ్చేసింది. ఆమె బ్రేకు తొక్కకపోతే ఏమయ్యేదో! ఇన్నేళ్లూ ప్రతి సెట్టునూ ఆగిన కారులో కుదురుగా కూర్చుని నొక్కి చూసి, "ఫస్ట్ క్లాస్" అన్నాడు మునవ్వర్. వెనక పిల్లలు కూర్చునే ఖాళీ సీట్ల వైపు తిరిగి చూడలేకపోయాడు.

తిరిగి రాగానే సేటు ఎదురొచ్చాడు. "ఏం ఉస్తాద్, నేర్పించావా?"

"తప్పు నాదే సేట్‌జీ" అంది మంగళగౌరి, అతనికంటే ముందే. "భాయ్ బాగా నడిపి చూపించాడు."

కాదనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? అనలేదు మహానుభావుడు. తల వంచుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

సెట్టు బయటికి లాగితే ఇంకో తలవంపు. దాని వెనక కీ వైర్లని రెండుంటాయి, బటన్లు తగిలించుకోవడానికే. వెనకవైపు శుభ్రంగా కనపడాలని ఆ వీధి ఫిట్టర్లు వాటిని మొదలంటా కత్తిరించేస్తారు. అందరికంటే శుభ్రంగా కత్తిరించేది మునవ్వరే. ఇప్పుడు గోరంత మొండి మీద కొత్త వైరు అతికించడానికి రెండు గంటలు పట్టింది. గేరు పక్కన చిన్న రేకు బిగించి మూడు బటన్లు పెట్టాడు. పెంచేది, తగ్గించేది, ఆపేది. ఏది నొక్కితే ఏం చేయాలో సెట్టుకు నేర్పాడు. తగ్గించే బటన్ మీద, వేలికి తగిలేట్టు, ఒక గమ్ము చుక్క వేసి ఆరనిచ్చాడు.

ఆమె వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. "చెయ్యి దానంతటదే పోతోంది భాయ్. చూడక్కర్లేదు" అంటూ నవ్వింది. అప్పుడైనా నోరు విప్పి క్షమించమనాల్సింది. స్క్రూడ్రైవర్లు సర్దుకుంటూ ఉండిపోయాడు. వ్యాను వెళ్లిపోయింది.

అది మలుపు తిరిగాక మునవ్వర్ లేచి నిలబడ్డాడు. "సేట్, ఆవిడ నాకోసం అబద్ధం చెప్పింది. నాకు కారు నడపడం రాదు."

అంతే. వీధి వీధంతా పగలబడి నవ్వింది.

"వీడి జోకులు పాడుగాను!" అన్నాడు సేటు కళ్లు తుడుచుకుంటూ.

"ఒట్టు సేట్, నిజం" అంటే ఇంకా నవ్వారు. అవునని చెప్పగలిగిన ఒక్క మనిషీ, అతను నోరు మూసుకుని పనిచేసిన ఆ రెండు గంటలూ పక్కనే నిలబడింది; ఇప్పుడు మలుపు దాటిపోయింది.