భూతద్దం మాస్టారు, నలభై ఒక్క కాగితాలు

మా బడిలో లెక్కల మాస్టారు ఎవరి మాటా నమ్మేవారు కాదు. నమ్మకపోవడం లోకంలో చాలామందికి ఉంది గానీ, దాన్ని ఆయనంత శ్రద్ధగా చేసినవాళ్ళని నేను చూడలేదు. పొద్దున్నే ఎదురుపడి నమస్కారం పెడితే ఆయన కూడా మర్యాదగా నమస్కారం పెట్టి, "ఎందుకూ?" అని అడిగేవారు. నేను చేరిన మొదటిరోజు ఆ ప్రశ్నకి సమాధానం వెతుక్కుంటూ వరండాలో ఐదు నిమిషాలు నిలబడిపోయాను. అందరూ అలా నిలబడినవాళ్ళేనని తర్వాత తెలిసింది.

పిల్లలు ఆయనకి భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. స్టాఫు రూములో గోడ గడియారం చూసి, చేతి గడియారం చూసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి బ్యాంకు గడియారం కూడా చూసొచ్చి అప్పుడు గంట కొట్టించేవారు. మూడింటికీ తేడా ఉంటే ఆయనకి బాధ లేదు. మూడూ ఒకే టైము చూపిస్తే మాత్రం ఆ రోజంతా మనశ్శాంతి ఉండేది కాదు. ఎవరో పనిగట్టుకుని సరిచేసి ఉంటారని ఆయన అనుమానం.

క్లాసులో ఎవరైనా లెక్క సరిగ్గా చేస్తే ముందు పక్కవాడి పుస్తకం చూసేవారు. పక్కవాడిది తప్పని తేలితే, వీడెందుకు సరిగ్గా చేశాడని ఇద్దరినీ చెరో మూల కూర్చోబెట్టి మళ్ళీ చేయించేవారు. మళ్ళీ సరిగ్గా వస్తే "ఊఁ" అనేవారు. ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఎనిమిది దాటేలోపు ఒక్కసారైనా ఆ "ఊఁ" వినాలని పోటీలు పడేవారు.

మాది ప్రభుత్వ బడి. అక్కడ భోజనాలు పెట్టడం ఇంకా మొదలవలేదు, పిల్లలు ఇంటి నుంచే తెచ్చుకునేవారు. ఏటా సంవత్సరం చివర తల్లిదండ్రులూ పిల్లలూ బడి గురించి ఏమనుకుంటున్నారో, పేరు పెట్టకుండా, ఆఫీసువాళ్ళు పంపిన అచ్చు కాగితాల మీద రాసి వరండాలో ఉన్న తాళం డబ్బాలో వేసేవారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలనే మాట వస్తే అందరం లెక్కల మాస్టారి వైపే చూసేవాళ్ళం. ఎవరినీ నమ్మని మనిషిని మేమంతా నమ్మేవాళ్ళం. ఆయన మాత్రం తన మీద కూడా ఒక కన్నుండాలని పట్టుబట్టి డబ్బాకి రెండో తాళం వేయించి, దాని చెవి పెద్ద టీచరమ్మకి ఇచ్చారు.

ఏ ఏడాదీ ఆ కాగితాలు ఎవరూ చదివేవారు కాదు. ఒక ఏడాది మాత్రం విద్యాశాఖ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లలు తగ్గారు కాబట్టి మా బడిని పెద్ద రోడ్డుకి అవతలున్న బడిలో కలిపేద్దామని ఆలోచన. ఆఫీసరు వచ్చి అభిప్రాయాలు చదివాకే నిర్ణయం. ఆ బడికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. మా పిల్లల్లో సగంమంది, అందులోనూ ఆడపిల్లలు, అంత దూరం వెళ్ళకుండా చదువు మానేస్తారని మాకు తెలుసు. పెద్ద టీచరమ్మ రోజూ ప్రార్థన అయ్యాక, మీ ఇంట్లోవాళ్ళ చేత కాగితాలు రాయించి తెండర్రా అని పిల్లల్ని బతిమాలింది. రెండు వారాలకి డబ్బా నిండింది.

ఆఫీసరు రావడానికి మూడు రోజుల ముందు, ఎన్ని వచ్చాయో చూద్దామని పెద్ద టీచరమ్మ గదిలో రెండు తాళాలూ తీశాం. మాస్టారు కాగితాలన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటీ తిరగేస్తున్నారు. కాసేపటికి చెయ్యి ఆగింది. కొన్నిటిని ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఏరినవి నలభై ఒకటి తేలాయి. అన్నీ ఒకే చేతిరాత, అన్నిట్లోనూ అవే మాటలు. పైదాన్ని తీసి చదివారు.

"మా బడి చుట్టును పచ్చని చెట్లు గలవు. విశాలమైన ఆటస్థలము గలదు. మా ఉపాధ్యాయులు మమ్ములను కన్నబిడ్డలవలె చూచుకొందురు."

మా ఆవరణలో చెట్టన్నదే లేదు. ఆటస్థలంలో బంతిని కాస్త గట్టిగా తంతే పక్కనున్న సైకిలు షాపులో పడుతుంది.

"ఇది రాసింది తల్లిదండ్రులని పైన ఉంది. వాళ్ళని మనం కన్నబిడ్డల్లా చూసుకుంటున్నామా?" అని అడిగారు మాస్టారు.

నేను ఆ బడిలో తెలుగు చెబుతాను. 'మా బడి' అని పదకొండేళ్ళుగా ఏడో తరగతికి చెప్పి రాయిస్తున్న వ్యాసం అది. చాలా మంచి వ్యాసమని నాకు లోలోపల గర్వం కూడా ఉండేది.

"టీచరుగారూ, ఈ వాక్యాలు మీవి."

"వాక్యాలు నావే మాస్టారూ. కాగితాలు నావి కావు."

"మొదట అందరూ అలాగే అంటారు" అన్నారాయన.

పెద్ద టీచరమ్మ కూడా నా వైపు అదోలా చూసింది. ఆవిడకి నామీద కోపం లేదు, అనుమానం ఉంది, అనుమానంతో పాటు కాస్త కృతజ్ఞత కూడా ఉందేమోనని నాకు అనుమానం. ఎవరు రాస్తేనేం, మంచిమాటలే కదా, ఉండనివ్వండి అని మెల్లిగా అంది. మాస్టారు ఒప్పుకోలేదు. ఆఫీసరుకి ఒక్క కాగితం మీద అనుమానం వచ్చినా మొత్తం డబ్బా దొంగదే అంటాడని, అప్పుడు నిజంగా రాసినవాళ్ళ మాట కూడా పోతుందని తేల్చారు. ఆ చేతిరాత ఏడో తరగతి మూడో బెంచీ అమ్మాయిదని కనిపెట్టడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పిల్లని పిలిపించాం. బిక్కచచ్చిపోయి వచ్చింది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. వాళ్ళ సందులో చాలామంది పెద్దవాళ్ళకి రాయడం రాదు, వచ్చినవాళ్ళకి తీరిక లేదు. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాసిపెట్టమ్మా అని అందరూ కాగితాలు తెచ్చి ఈ పిల్ల చేతిలో పెట్టారట.

"మరి వాళ్ళు చెప్పింది రాయలేదేం?" అని అడిగాను.

"చెప్పారు టీచర్. కానీ వాళ్ళు చెప్పింది బాగా లేదు. సొంతంగా రాస్తే మార్కులు పోతాయని మీరన్నారు కదా. అందరికీ మంచి మార్కులు రావాలని ఇది రాశాను."

నా తల కొట్టేసినట్టయింది. మాస్టారు ఆ పిల్లని ఒక్క మాట కూడా అనలేదు. నువ్వెళ్ళి లెక్కలు చేసుకో అని పంపేసి, ఆ నలభై ఒక్క కాగితాలూ తన సంచిలో పెట్టుకుని, సాయంత్రం బడి వదిలాక నన్ను కూడా రమ్మన్నారు. నేనెందుకని అడిగితే, ముద్దాయి వెంట ఉండాలన్నారు.

మూడు సాయంత్రాలు ఆ సందంతా తిరిగాం. ఆయన ఆ తాళం డబ్బాని చంకలో పెట్టుకుని ఇరుకు మెట్లన్నీ ఎక్కారు. అచ్చు కాగితాలు అయిపోయాయి కాబట్టి తెల్లకాగితాలు పట్టుకెళ్ళాం. రాయగలిగినవాళ్ళు వాళ్ళే రాయాలి. రానివాళ్ళు చెబితే నేను రాసి, వాళ్ళు చెప్పగా రాసిందని కింద పెట్టాలి. నేను ఎక్కడ పచ్చని చెట్లు నాటేస్తానోనని ఆయన నా భుజం మీంచి చూస్తూ ఉండేవారు. రాసింది చదివి వినిపించాక వాళ్ళ చేత్తోనే డబ్బాలో వేయించేవారు. కూర్చోమని కుర్చీ వేస్తే ముందు కుర్చీ కాళ్ళు ఊపి చూసేవారు.

రెండో రోజు ఒక దర్జీ దగ్గరికి వెళ్ళాం. ఆయన బట్ట కత్తిరిస్తూ తలెత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. బడిలో మంచినీళ్ళ కుళాయి ఆరునెలలుగా పనిచెయ్యదట, ఆడపిల్లల బాత్రూము తలుపుకి గడియ లేదట. అంతవరకూ రాశాను.

"ఇంక లెక్కల మాస్టారొకాయన ఉన్నాడు. పిల్లల్ని దొంగల్ని చూసినట్టు చూస్తాడు" అని తలెత్తాడు. ఎదురుగా ఎవరున్నారో చూసి కత్తెర అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

మాస్టారు నా కాగితంలోకి తొంగిచూశారు. నేను 'లెక్కల ఉపాధ్యాయులు కొంచెం కఠినంగా ఉంటారు' అని రాశాను.

"ఆయన అన్నది అది కాదు. దొంగల్ని చూసినట్టు. కొట్టేసి మళ్ళీ రాయండి."

కొట్టేసి రాశాను. దర్జీ తేరుకున్నాడు. ఎన్ని ఉన్నా మావాణ్ణి ఆ బడిలోనే ఉంచుతానని రాయమన్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ ఎందుకూ అని అడిగారు.

"మీరు నమ్మలేదు కాబట్టి" అన్నాడు దర్జీ. "బోర్డు కనిపిస్తోందా అంటే మావాడు కనిపిస్తోందనే చెప్పేవాడు. మాకూ అదే చెప్పాడు, మేం నమ్మాం. మీరు నమ్మకుండా వాణ్ణి వెనక్కీ ముందుకీ జరిపి చూసి, కళ్ళు చూపించమని మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. ఆ కళ్ళజోడు లేకపోతే వీడు చదువు రాదని మానేసి ఉండేవాడు."

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. సున్నాని ఆరని రాస్తుంటే ఎవడి దాంట్లోనో చూసి తప్పుగా ఎక్కిస్తున్నాడనుకున్నానని, ఆ దొంగతనం పట్టుకుందామనే ముందుకి జరిపానని చెప్పుకున్నారు. అది నిజమేనని నాకనిపించింది. దర్జీ మాత్రం నమ్మలేదు.

మూడో రోజు చివరగా ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆస్పత్రి వెనక గదిలో ఆవిరి మధ్య దుప్పట్లు మడతపెడుతోంది. మేం చేసే పని అప్పటికే సందంతా తెలిసిపోయింది కాబట్టి ఏమీ అడగకుండానే చెప్పింది.

"మా అమ్మాయి పోయినేడు రోజూ ఖాళీ అన్నం డబ్బా తీసుకెళ్ళేదట. నాకు డ్యూటీలు సరిగ్గా లేక ఇల్లు గడవని రోజులవి. పొద్దున్నే తిన్నాను, ఆకల్లేదు అని అందరికీ చెప్పేది. అందరూ నమ్మారు. ఈ మాస్టారొక్కరే మూత తీసి చూశారు. ఆ రోజు నుంచి, మా ఇంట్లో ఉప్పు ఎక్కువేస్తున్నారని అనుమానంగా ఉంది, నువ్వు తిని చెప్పమ్మా అని తన డబ్బాలో సగం పెట్టేవారట."

ఆ సంగతి స్టాఫు రూములో మాకందరికీ తెలుసు. కట్టుకున్న భార్య వంటని కూడా నమ్మడు, పిల్ల చేత రుచి చూపించి గానీ తినడు అని ఏడాదిపాటు మేం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఎక్కువగా నవ్వింది నేనే. ఆ గదిలో దుప్పట్ల మధ్య నిలబడి నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"అది రాయకండి" అన్నారు మాస్టారు. మూడు రోజుల్లో ఆయన వద్దన్నది అదొక్కటే.

"మాటకి మాట రాస్తామన్నారు కదా. రాయండి టీచర్" అంది ఆవిడ. నేను రాశాను. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు, నా భుజం మీంచి చూడలేదు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, చేతిలో లావుపాటి ఫైలు. డబ్బాలోని కాగితాలన్నీ అందులో పెట్టుకుని రెండు గంటలు తలెత్తకుండా చదివాడు. నలభై ఒక్క పొగడ్తలు తీసేసి నలభై ఒక్క ఫిర్యాదులు పట్టుకొచ్చారని పెద్ద టీచరమ్మ మా ఇద్దరి వైపూ చూస్తూ చెమటలు తుడుచుకుంటోంది. కుళాయి, గడియ, లెక్కల మాస్టారు, ఈ మూడూ లేని కాగితం దాదాపు లేదు. చివరికి ఆఫీసరు ఫైలు మూశాడు.

"ఈ వారం ఆరు బళ్ళు చూశానండీ. అన్నిట్లోనూ పచ్చని చెట్లూ, విశాలమైన ఆటస్థలాలే. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ మాత్రం అందరూ తిట్టాల్సినవన్నీ తిట్టి, మా పిల్లలు ఇక్కడే ఉండాలని రాశారు. దీన్ని కదపొద్దని రాస్తాను" అన్నాడు.

పెద్ద టీచరమ్మ కళ్ళు మూసుకుని కుర్చీలోకి జారింది. నేను మాత్రం మిగతా ఆరు బళ్ళలోనూ నాలాంటివాళ్ళు ఉన్నారని తెలిసి కాస్త ఊరటపడ్డాను. అంతలో ఆఫీసరు మళ్ళీ ఫైలు తెరిచి, ఇందులో నలభై ఒకటి తెల్లకాగితాల మీద ఉన్నాయి, మేం పంపిన అచ్చు కాగితాలు ఏమయ్యాయని అడిగాడు. నిజం చెబితే ఒక పిల్ల అందరి తరఫునా రాసిందని తెలుస్తుంది. ఆ పిల్లకి మాట వస్తుంది, డబ్బా మొత్తం అనుమానంలో పడుతుంది, బడి పోతుంది.

"వానకి తడిసిపోయాయండీ. కప్పు కారుతుంది" అన్నారు లెక్కల మాస్టారు.

ఆఫీసరు తలూపి, కప్పు బాగుచెయ్యాలని కూడా రాసుకుని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్ద టీచరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేనైతే గట్టిగానే నవ్వేశాను. మాస్టారి మొహంలో మాత్రం సంతోషం లేదు. కిటికీ దగ్గర నిలబడి బయటి ఎండ వైపు చూస్తున్నారు.

"వాన పడి మూడు నెలలైంది. ఆ మనిషి ఒక్కసారి కిటికీలోంచి చూడలేదు. కప్పు వైపు కూడా చూడలేదు. ఎవరేం చెబితే అది నమ్మేవాడి చేతిలో బళ్ళు మూసే అధికారం పెట్టారే, రేపు ఇంకో బడిలో ఎవడో అబద్ధం చెబితే?"

అని ఊరుకోలేదు. మీ ఆఫీసరు ఒట్టి అమాయకుడని, జాగ్రత్త పడమని విద్యాశాఖకి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. పెద్ద టీచరమ్మా నేనూ కలిసి ఆయన చేతిలోంచి కలం లాక్కోవలసి వచ్చింది.

కాసేపటికి చల్లబడి, సంచిలోంచి ఆ నలభై ఒక్క కాగితాలూ తీసి నా ముందు పెట్టి చించమన్నారు. ఆ పిల్ల చేతిరాత ఎప్పటికీ ఎవరి కంటా పడకూడదట. నేను ఒక్కొక్కటీ చించుతుంటే పక్కనే నిలబడి లెక్కపెట్టారు. నలభై ఒకటి పూర్తయ్యాక చేతులు తెరిచి చూపించమన్నారు. చూపించాను. రెండు వైపులా చూసి, కుర్చీ కింద కూడా వంగి చూసి, అప్పుడు క్లాసుకి వెళ్ళారు.